ఖాళీ వదిలితే కష్టమే!

హోటల్ గోడమీద ‘పొగతాగరాదు’ అని రాయించబోయి ‘హాయిగా పొగతాగండి’ అని రాయిస్తే ఎలా ఉంటుంది? నార్వేలో ఇందుకు పెద్దగా శ్రమపడక్కర్లేదు. రెండు మాటల మధ్య కాస్త ఖాళీ వదిలితే చాలు!

నార్వే భాషలో ‘రొయిక్’ అంటే పొగ. పొగతాగు అనడానికీ అదే మాట. ‘ఫ్రిట్’ అంటే స్వేచ్ఛగా. అదే మరో మాట చివర చేరితే ‘లేని’ అనే అర్థమిస్తుంది. కాబట్టి కలిపి ‘రొయిక్‌ఫ్రిట్’ అని రాస్తే పొగ లేనిది అని. విడదీసి ‘రొయిక్ ఫ్రిట్’ అన్నారో... స్వేచ్ఛగా పొగతాగు అని! 2004 జూన్ 1 నుంచి హోటళ్లు, బార్లలో పొగతాగడాన్ని నిషేధించిన దేశంలో అలాంటి బోర్డు పెడితే నవ్వులపాలే మరి.

మాంసం కొట్లోనూ ఇదే తంటా. ‘లమ్మెలోర్’ అంటే గొర్రెపిల్ల తొడ మాంసం. ‘లమ్మె లోర్’ అంటే చచ్చుబడిన తొడలు!

అసలు కిటుకంతా పలకడంలో ఉంది. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారిపోదు. నార్వే భాషలో అలా కాదు. రెండు మాటలు కలిసి సమాసమైతే గట్టి నొక్కు ఒక్కటే. అది చాలావరకు మొదటి మాటమీదే పడుతుంది. ‘డ్యూర్’కి జంతువు, ఖరీదైన అని రెండర్థాలు. ‘లేగె’ అంటే డాక్టరు. ‘డ్యూర్’ను నొక్కి అంతా ఒకే మాటగా పలికితే పశువుల డాక్టరు. రెంటినీ విడివిడిగా నొక్కితే ఫీజు బాగా గుంజే డాక్టరు! అందుకే, కలిపి రాయాలా వద్దా అని అనుమానమొస్తే పైకి పలికి చూసుకోవడమే మంచి చిట్కా. నొక్కు ఒక్కటే వినిపిస్తే కలిపి రాయాల్సిందే.

మరి పొడుగాటి సమాసం పంక్తి చివర పట్టకపోతే? అతుకు దగ్గరే విరవాలి. ‘నట్’ అంటే రాత్రి, ‘టోగ్’ అంటే రైలు. రెండూ కలిస్తే ‘నట్టోగ్’. వాళ్లు రాసే రోమన్ లిపిలో మొదటి మాట చివర రెండు ‘టి’లు, రెండో మాట మొదట్లో ఒకటి ఉన్నాయి. మూడూ వరసగా రాయకూడదు కాబట్టి ఒకటి తీసేస్తారు. అదే మాటను పంక్తి చివర విరిచారా... దాక్కున్న ‘టి’ మళ్లీ ప్రత్యక్షం!

ఇంగ్లిషు చూసి సమాసాల్లోనూ ఖాళీలు వదిలేస్తున్నారని అక్కడి భాషాభిమానుల బాధ. ఖాళీ కనిపిస్తే చదివేవాళ్లు రెండు మాటల్నీ విడివిడిగా నొక్కుతారు కదా. అప్పుడు పాపం, పశువుల డాక్టరు కాస్తా ఖరీదైన డాక్టరైపోతాడు!