అమ్మంటే ఆడ నాన్నా?

ఎస్పెరాంటోలో నాన్నని 'పాత్రో' అంటారు. మరి అమ్మని? 'పాత్రీనో'. అంటే ఆడ నాన్న! నవ్వకండి. ఇంత తర్కబద్ధమైన భాష మరొకటి లేదని మెచ్చుకునే పెద్దమనుషులు కూడా ఈ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుంటారు.

ఇది దానంతటదే పుట్టి పెరిగిన భాష కాదు. జామెన్‌హాఫ్ అనే కళ్ళ డాక్టరు కూర్చుని కట్టి, 1887లో వార్సాలో పుస్తకం వేశాడు. అచ్చు ఖర్చు కాబోయే మామగారిది. (మనకి కొత్తేం కాదు లెండి!) వ్యాకరణమంతా 16 సూత్రాలు. నామవాచకమైతే చివర 'ఓ', బహువచనానికి 'య్', కర్మకి 'న్'. పాత్రీనో, పాత్రీనోన్, పాత్రీనోయ్, పాత్రీనోయ్‌న్. అచ్చం మన అమ్మ, అమ్మని, అమ్మలు, అమ్మల్ని లాగే. అంతవరకూ ఆయనకో దండం.

తగాదా మూలపదం దగ్గర. పాత్రోకి లాటిన్‌కి వెళ్ళినవాడికి పక్కనే 'మాతెర్' కనబడలేదా? దాన్నొదిలేసి, నాన్నకే జర్మన్ వాళ్ళ 'ఇన్' ప్రత్యయం తగిలించాడు. కొడుకు 'ఫీలో', కూతురు 'ఫిలీనో'. మగవాడు 'వీరో', ఆడది 'విరీనో'. నేర్చుకోవాల్సిన మాటలు తగ్గుతాయట! తగ్గించడానికి అమ్మే దొరికిందా? అమ్మలోంచి నాన్నని చేస్తే మాత్రం తగ్గవూ?

"మీ తెలుగు మాత్రం?" అంటారు. నిజమే. ఆడమనిషికీ గేదెకీ 'వచ్చింది' ఒకటే; వ్యాకరణంలో మేం అమహత్తులం. పదిమందిమి కలిసొస్తే గాని 'వచ్చారు' అనిపించుకోం. కానీ తెలుగుని ఏ ఒక్కరూ బల్లముందు కూర్చుని కట్టలేదండీ. ఆయన కట్టాడు. ఆచారం మీదికి నెట్టేసి తప్పించుకోడానికి ఆయనకి వీల్లేదు.

పైగా మా గాండ్లపెంట వైపు తిమ్మప్పలున్నారు, తిమ్మమ్మలున్నారు. 'తిమ్మ'కి ఒకరు అప్పని చేర్చుకున్నారు, ఒకరు అమ్మని. తిమ్మప్పకి తోక తగిలిస్తే తిమ్మమ్మ కాలేదు. గూటిబయల్లో ఎకరాలకెకరాలు పరుచుకున్న మర్రిమాను కూడా తిమ్మమ్మదే. (ఆమె సతి కథతో నాకు వేరే పేచీ ఉంది, అది ఇంకోసారి.)

దిద్దుకోండయ్యా అంటే, మూలగ్రంథం ముట్టుకోరాదని 1905లో బులోన్ మహాసభలో తీర్మానించుకున్నామంటారు. వీళ్ళలోంచి చీలిన ఇడో భాషవాళ్ళకి మాత్రం అమ్మ 'మాత్రో'. ఎస్పెరాంటోలోనే కొందరు మగవాళ్ళకీ 'ఇచ్' అని ఓ ప్రత్యయం పెట్టమంటున్నారు. అప్పుడు పాత్రో అంటే కన్నవాళ్ళలో ఎవరైనా సరే, పాత్రీచో నాన్న, పాత్రీనో అమ్మ. మా తిమ్మప్పా, తిమ్మమ్మా లాగ. ఆ తోకేదో మగవాళ్ళకీ తగిలించండి, ఎంతమంది ఒప్పుకుంటారో నేనూ చూస్తాను.