తాళం చెవి బీరువాలోనే పెట్టి...

డిజాస్టర్ రికవరీ అనగానే మనకి రెండు మాటలు గుర్తొస్తాయి: ఆర్‌పీవో, ఆర్‌టీవో. ఎంత డేటా పోయినా తట్టుకోగలం అన్నది మొదటిది. ఎంతసేపట్లో సిస్టమ్ మళ్లీ లేవాలి అన్నది రెండోది. ఎగ్జామ్‌లో రాస్తాం, మార్కులు పడతాయి. కానీ ఆ రోజు రికవరీ సాఫ్ట్‌వేర్‌లోకి అసలు లాగిన్ అవగలమా? నా దృష్టిలో అదే మొదటి ప్రశ్న.

వీఎంవేర్ సైట్ రికవరీ మేనేజర్‌నే తీసుకోండి. రెండు సైట్లలోనూ ఒక్కో వీసెంటర్, ఒక్కో రికవరీ మేనేజర్ ఉంటాయి. మెయిన్ సైట్ మొత్తం పోయినా, రెండోదాంట్లో లాగిన్ అయి రికవరీ ప్లాన్ రన్ చేయొచ్చు. ఆ అప్లయన్స్ సెట్టింగ్స్ కోసం వేరే పేజీ ఉంది. బ్రౌజర్‌లో దాని అడ్రస్, పక్కన 5480 పోర్టు కొట్టి, అడ్మిన్ పేరుతో లోపలికి వెళ్లాలి. డిజైన్ బాగుంది. మరి పాస్‌వర్డ్ ఎక్కడుంది? ఆఫీస్ వికీలో. వికీ ఎక్కడ నడుస్తోంది? పడిపోయిన వీఎం మీద! పేరుతో వెళ్దామంటే డీఎన్‌ఎస్ కూడా అక్కడే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఇదే కదా.

ఇదంతా ఊహ అనుకోకండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. వాళ్ల నెట్‌వర్క్, డీఎన్‌ఎస్ పోవడంతో సరిచేసే టూల్స్ కూడా పనిచేయలేదు. ఇంజినీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్లాల్సొచ్చింది. అక్కడి గట్టి సెక్యూరిటీ దాటడానికీ టైమ్ పట్టింది.

అలాగని మేనేజ్‌మెంట్ పేజీని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టమనడం లేదు. 2024లో వీమ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ ఒక లోపానికి తీవ్రత స్కోరు 10కి 9.8. లాగిన్ లేకుండానే సర్వర్‌లో కోడ్ రన్ చేయొచ్చు. రాన్సమ్‌వేర్ ముఠాలు దాన్ని వాడుకున్నాయి కూడా. బ్యాకప్ పోతే బాధితుడికి ఇంకో దారి ఉండదని వాళ్లకి బాగా తెలుసు.

కాబట్టి తలుపు మూసే ఉండాలి, తాళం చెవి మాత్రం బయట ఉండాలి. ఐపీ అడ్రస్ అంకెల్లో, సింగిల్ సైన్ ఆన్ మీద ఆధారపడని ఒక లోకల్ అకౌంట్, దాని పాస్‌వర్డ్: ఇవి కాగితం మీద రాసి, సీల్ చేసిన కవర్లో, వేరే బిల్డింగ్‌లో పెట్టాలి. కవర్ తెరిస్తే పాస్‌వర్డ్ మార్చాలి. డ్రిల్ రోజు డీఎన్‌ఎస్, వికీ లేవనుకుని లాగిన్ అవ్వాలి. పట్టిన నిమిషాలన్నీ ఆర్‌టీవోలో కలపాలి.

క్లౌడ్ ప్రాజెక్టు చేస్తున్న ఫ్రెండ్స్, మీ రిపోర్టులో ఫెయిలోవర్ డయాగ్రమ్ ఎలాగూ ఉంటుంది. దాని కింద ఒక్క లైన్ రాయండి: ఆ రోజు ఎవరు, ఎక్కడి నుంచి, ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తారు? జవాబు రాకపోతే ఆ డయాగ్రమ్ బొమ్మే, ప్లాన్ కాదు.