దాది బిడ్డ ఎక్కడ?

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళలో స్త్రీ అనగానే మన సాహిత్య గోష్ఠుల్లో వినవచ్చే కథ ఒకటుంది. 1865లో ఎదువార్ మానే పారిస్ సలోన్‌లో ‘ఒలింపియా’ను ప్రదర్శించాడు, అందులోని నగ్నస్త్రీ తల దించుకోలేదు, చూసేవాడి కళ్లలోకి సూటిగా చూసింది, పెద్దమనుషులు ఉలిక్కిపడ్డారు, ఆధునిక స్త్రీ అక్కడ పుట్టింది. వినడానికి బాగానే ఉంటుంది. చలాన్ని చదివి పెరిగిన తరానికి మరీ బాగుంటుంది. అయితే అదే చిత్రంలో పూలగుత్తి పట్టుకుని నిలబడ్డ నల్లజాతి పరిచారికను మాత్రం కథకులు వెనుకనున్న తెరతో సమానంగా దాటిపోతారు. ఆ పాత్రకు నమూనాగా నిలిచిన యువతి పేరు లోర్. ఆమెనుంచి మొదలుపెట్టి ఆ కాలపు చిత్రకళను చూపే ప్రదర్శన ఒకటి జరగడానికి 2018 దాకా, న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయపు గ్యాలరీ దాకా రావలసివచ్చింది.

ఒక స్త్రీ స్వేచ్ఛను వర్ణించేటప్పుడు పక్కనున్న రెండో స్త్రీని చూడకపోవడం పొరపాటు కాదు, అలవాటు. ఈ అలవాటుకు మందు కావలసినవారు లిండా నాక్లిన్ 1988 నాటి వ్యాససంపుటి ‘విమెన్, ఆర్ట్, అండ్ పవర్’ చదవాలి. అందులో అందరూ ఉటంకించేది, గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరని ప్రశ్నించిన 1971 నాటి వ్యాసం. నాకు అంతకంటే పదునైనదిగా తోచింది బెర్త్ మొరిసో చిత్రించిన పాలదాది గురించిన వ్యాసం.

మొరిసో 1874లో మానే తమ్ముడు యూజెన్‌ను పెళ్లాడింది. 1878 నవంబరులో కూతురు జూలీ పుట్టింది. ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లో ఆమె పాల్గొననిది మరుసటి ఏడు జరిగినది ఒక్కటే. ఒక్క పురుడు ఒక చిత్రకారిణికి ఎంత ఖరీదో చెప్పడానికి ఆ ఖాళీ చాలు. ఆ తరువాత ఆమె తన బిడ్డకు పాలివ్వడానికి కుదుర్చుకున్న దాది ఆంజెల్‌ను, ఒళ్లో జూలీతో సహా, పచ్చని తోటలో కూర్చోబెట్టి చిత్రించింది. కుంచె ఎంత తొందరగా పరుగెత్తిందంటే, గడ్డీ, తెల్లని దుస్తులూ, చర్మమూ ఒకదానిలోకి ఒకటి ఒలికిపోయాయి. దాది ముఖంలో కన్నూ ముక్కూ దాదాపు కరిగిపోయాయి.

శతాబ్దాలుగా ఐరోపా చిత్రకళ ఇలాంటి దృశ్యానికి ఒక్కటే పేరు పెట్టింది: మేరీమాత, బాలయేసు. నాక్లిన్ ఆ పేరును ఊడబెరికి చూపుతుంది. ఇక్కడ కన్నతల్లి చిత్రం బయట కుంచె పట్టుకుని నిలబడి ఉంది. చిత్రం లోపలున్నామె కూలికి పాలిస్తోంది. పనిచేస్తున్న ఒక స్త్రీ, పనిచేస్తున్న మరొక స్త్రీని చిత్రిస్తోంది. మాతృత్వ మాధుర్యం అని మనం మురిసిపోయే చోట నిజానికి రెండు ఉద్యోగాలు నడుస్తున్నాయి.

వైద్యుడి కంటికి ఇందులో మూడో ప్రాణి కూడా కనిపిస్తుంది. పాలు పడ్డాయంటే ఆమె ఇటీవలే ప్రసవించి ఉండాలి. మరి ఆ బిడ్డ ఏది? బుర్గుండి ప్రాంతపు మోర్వాన్ కొండపల్లెలనుంచి ఎందరో బాలింతలు తమ పసికందులను ఇంట వదిలి పారిస్ సంపన్న గృహాలకు దాదులుగా వెళ్లేవారు. పాలను సూక్ష్మజీవిరహితంగా కాచి సీసాలో పట్టే పద్ధతులు 1880ల చివరగ్గానీ రాలేదు. పారిస్‌లో పియెర్ బుదాఁ శిశుపోషణ కేంద్రం తెరిచింది 1892లో. అంతకు ముందు పోతపాలు చాలామంది శిశువులకు అతిసారమే, ఆపై మరణమే. ఈ నష్టాన్ని చూసి తెయోఫీల్ రూసెల్ అనే వైద్యుడు, శాసనసభ్యుడు, 1874 డిసెంబరులో ఒక చట్టం చేయించాడు. దాని ప్రకారం దాదిగా వెళ్లే స్త్రీ తన బిడ్డకు ఏడు నెలలు నిండాయనో, లేకుంటే మరొక స్త్రీ ఆ బిడ్డకు పాలిస్తోందనో ధ్రువపత్రం చూపాలి. ఒక చట్టం ఇంత వివరంగా చెప్పవలసివచ్చిందంటే, చెప్పకముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు.

అదే 1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో దెగా చిత్రం ఒకటి వేలాడింది. 1869లో వేసిన ఆ చిన్న చిత్రం ఇప్పుడు బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. పల్లెపట్టున గుర్రప్పందేలు. గుర్రపుబండిలో చిత్రకారుడి మిత్రుడి కుటుంబం: పైన భర్త, పక్కన కుక్క, కింద గొడుగు పట్టుకున్న భార్య, ఆమె సరసన రొమ్ము తెరిచి బిడ్డను ఒళ్లో పెట్టుకున్న దాది. భర్తా కుక్కా కూడా అటే చూస్తున్నారు. శీర్షిక మాత్రం పందేల గురించి. దెగాకు దయ తక్కువంటారు. కావచ్చు, కానీ సంసారపు జమాఖర్చును ఆయన దాచిపెట్టలేదు.

మేరీ కసాట్ విషయంలో అన్యాయం మరోరకంగా జరిగింది. పిట్స్‌బర్గ్ సమీపాన పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈ అవివాహితను మ్యూజియం దుకాణాలు కాఫీకప్పుల మీద ‘తల్లీబిడ్డల చిత్రకారిణి’గా అమ్ముతాయి. షికాగోలో ఉన్న ఆమె ‘బిడ్డ స్నానం’ చూడండి: పాదాన్ని పట్టుకున్న వేళ్లలో ఉన్నది మురిపెం కాదు, పనితనం. ఆమె చిత్రాల్లో బిడ్డల్ని ఎత్తుకున్నవారు చాలాచోట్ల కన్నతల్లులు కారు, అందుకు డబ్బు పుచ్చుకున్న స్త్రీలు. 2024లో ఫిలడెల్ఫియా మ్యూజియం తన ప్రదర్శనకు ‘మేరీ కసాట్ ఎట్ వర్క్’ అని పేరుపెట్టి ఈ సంగతి ఒప్పుకుంది. 1893 షికాగో ప్రపంచప్రదర్శనలోని మహిళాభవనం కోసం ఆమె వేసిన ‘ఆధునిక స్త్రీ’ కుడ్యచిత్రంలో యువతులు జ్ఞానవృక్షపు పళ్లు కోసి చిన్నపిల్లలకు అందిస్తారు. ప్రదర్శన ముగిశాక ఆ చిత్రం మాయమైంది. స్నానపు తొట్టెలు మిగిలాయి.

మొరిసో దోషి అనుకోవడం లేదు. ఆంజెల్ లేకపోతే మొరిసో లేదు; మనకు ఆ చిత్రాలూ లేవు. నా తగాదా చూసేవారితో, ముఖ్యంగా మనవాళ్లతో. ఈ దేశంలో బాలింతకు 1993 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే 12 వారాల సెలవుకు జీతం లేదు. చిన్న సంస్థల్లో పనిచేసేవారికి ఆ సెలవైనా లేదు. అయినా మన తెలుగు డాక్టరమ్మలూ ఇంజనీరమ్మలూ ఉద్యోగాలు నిలబెట్టుకున్నారు. ఎలా? అమ్మ ఆరునెలలు, అత్తగారు ఆరునెలలు. వీసా గడువే వంతు. కొన్ని ఇళ్లలో, తన పిల్లల్ని మరో దేశంలో తన తల్లి దగ్గర వదిలి వచ్చిన ఆయా. మన మహాసభల వేదికలపై స్త్రీ ప్రగతి ఉపన్యాసాల్లో ఈ రెండో స్త్రీ ఎన్నిసార్లు వినబడింది? మన ప్రవాస కథల్లో వచ్చినప్పుడు కూడా ఆమె ఒంటరితనంగా వస్తుంది, కిటికీలోంచి మంచు చూస్తుంది; శ్రమగా రాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి సీసాలు మరిగించడం ఎవరి కథావస్తువూ కాదు.

కన్నకూతురికి ప్రేమతో చేసేదానికి లెక్కలేమిటని అడుగుతారని తెలుసు. ఆంజెల్‌కు జీతమైనా ముట్టింది.