క్రొత్త యిండ్లును బొగ్గుపులుసు వాయువును

ఇల్లు కట్టునప్పుడు వంటయింటి కొలతలను గూర్చియు, పూజగది దిక్కును గూర్చియు గృహిణి నడుగుట మన లోకాచారము. గోడ మందమును గూర్చి గాని, పైకప్పు రంగును గూర్చి గాని ఆమె నడుగువారు లేరు. వేసవి మధ్యాహ్నమున ఆ గోడలనడుమ, ఆ కప్పుక్రింద, పొయ్యియెదుట నిలుచునది మాత్రము ఆమెయే. కావున ఈ మాసమున క్రొత్త కట్టడములకు ప్రభుత్వములు ఏర్పఱచిన నియమములను గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఇల్లు రెండు విధముల బొగ్గుపులుసు వాయువునకు కారణమగును. సిమెంటు చేయుటకై సున్నపురాతిని కాల్చునప్పుడు ఆ రాతిలో ఇమిడియున్న వాయువే వెలికివచ్చును. బట్టీలో వేసిన బొగ్గు పొగ దానికి తోడగును. ఇది గృహప్రవేశమునకు మునుపే జరిగిపోవునది. రెండవది కాపురమున్నంతకాలము సాగునది. మనదేశమున విద్యుచ్ఛక్తిలో అధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. గది కాగినకొలది పంకాలును, ఏసీలును ఎక్కువసేపు తిరుగును. ఎక్కడనో బొగ్గు ఎక్కువగా కాలును. దానివలన భూమి మఱింత వేడెక్కును. మన గది మఱల కాగును.

2001వ సంవత్సరపు ఇంధన పొదుపు చట్టము ననుసరించి 2007లో కేంద్రప్రభుత్వము పెద్ద వ్యాపారభవనములకు ఒక నియమావళిని ప్రకటించెను. నివాసగృహముల వంతు 2018 డిసెంబరులో వచ్చెను. ‘ఎకో నివాస్ సంహిత’ యను ఆ నియమావళి 500 చదరపు మీటర్లు గాని, అంతకు మించి గాని యున్న స్థలములలోని ఇండ్లకై వ్రాయబడెను. వెలిగోడల గుండ లోనికి వచ్చు వేడిమి చదరపు మీటరునకు సగటున 15 వాట్లకు మించరాదని అది విధించెను. గాలి కొఱకు కిటికీలు ఎంతమేర తెఱచుకొనవలెనో కూడ చెప్పెను. 2022లో చట్టము సవరింపబడి, నివాసగృహములు స్పష్టముగా దాని పరిధిలోనికి వచ్చినవి. ఐనను రాష్ట్రములు తమ నిబంధనలలో చేర్చుకొన్నచోటనే ఇట్టి నియమావళి ఇంటిదాక వచ్చును.

తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను. ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూతయో, పలకలో పైకప్పున ఉండవలెనని దాని సారాంశము. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఇట్లు మార్పవలెనని సంకల్పము. అయితే నివాసగృహములలో 600 గజములును, అంతకు మించినవియు నగు స్థలములలోని వానికే నిర్బంధము, తక్కినవారికి ఐచ్ఛికము.

ఈ నియమముల నుద్దేశమును మేము మెచ్చుచున్నాము. కాని వీని కొలతయే మాకు వెలితిగా తోచుచున్నది. 500 చదరపు మీటర్లన్నను, 600 గజములన్నను ఇంచుమించు ఒక్కటియే. విశాలస్థలమున లేచిన అంతస్తుల మేడ ఈ లెక్కలోనికి వచ్చును. నూఱుగజముల ఇల్లు రాదు. వేడిమి బాధ ఎక్కువగా నుండునది ఈ రెండవదానియందే. చిన్నయింటివారిపై ఖర్చు మోపరాదని కొందఱందురు. అది న్యాయమే. కావున వారికి వలసినది జరిమానా గాదు, సహాయము. తెల్లపూతకు వ్యయము స్వల్పము; దానివలన ఇంటిలోని వేడిమి కొన్ని డిగ్రీలు తగ్గును. ఆ పూతను పురపాలకసంఘములే సమకూర్చినచో ఎవరికిని భారముండదు.

మఱియొక చిక్కు కలదు. కట్టి అమ్మువాడు గోడకు పెట్టు ఖర్చును మిగుల్చుకొనును. విద్యుత్తు బిల్లును మాత్రము కొన్నవారో, అద్దెకుండువారో యేండ్లతరబడి చెల్లింతురు. శాసనము వలయుట ఇందుకే.

శాసనము మనయింటికి వచ్చుదాక ఊరకుండనక్కఱలేదు. ఇంటి ప్లాను పురపాలకసంఘమునకు పోకముందే దానిని అడిగి చూడుడు. పడమటిగోడకు పెద్ద అద్దాలు పెట్టుచున్నారా? కిటికీలపై ఎండ పడకుండ సన్‌షేడు కలదా? గాలి వచ్చుటకొక దారియు, పోవుటకొక దారియు నున్నవా? స్లాబుపైన ఏమి వేయుదురు? ఈ ప్రశ్నలకు కాగితముమీద జవాబు సులభము. గోడ లేచిన పిదప కష్టము.