ఇంజను క్యాబ్‌లో ఆడవాళ్ళు

అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. కొత్తవలస - కిరండూల్ లైనులో అలాంటివి యాభైకి పైనే. శిమిలిగుడ దగ్గర పట్టాలు 996 మీటర్ల ఎత్తున ఉంటాయి. బైలదిలా ఇనుప ఖనిజం బళ్ళు దిగేదీ ఈ ఘాట్‌లోనే. వాటిని నడిపేవాళ్ళ తిండీతిప్పలూ మనకెప్పుడైనా తోచాయా?

డ్యూటీ మధ్యలో భోజనానికీ, కాలకృత్యాలకీ నియమంగా విరామం ఇవ్వడం కుదరదని 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు తేల్చేసింది. బళ్ళ నిర్వహణకి సాధ్యం కాదట! క్యాబ్‌లో కెమెరాలు తప్పు కాదనీ అంది. ఫోను సరేసరి, ఆపేసి ఉంచాల్సిందే. ఆ రెండూ నేను ఒప్పుకుంటాను. లోయ అంచున బరువు బండి దించే మనిషి ఫోను చూస్తూ కూర్చుంటే ఎలా? కానీ టిఫిను డబ్బా, మరుగుదొడ్డీ ఆ జాబితాలోకి ఎందుకు రావాలి?

2016లో ఇంజనులో తొలి బయోటాయిలెట్ పెట్టినప్పుడు, బండి పూర్తిగా ఆగి బ్రేకు పడితేనే పనికొచ్చేలా అమర్చారు. భద్రత కోసమే, సబబే. మరి ఆగడానికే హక్కు లేనప్పుడు అదుండి ఏం లాభం? నీళ్ళక్కర్లేని యూరినళ్ళైనా 2025 ఏప్రిల్ నాటికి 883 ఇంజన్లలోనే ఉన్నాయని రైల్వే లెక్క. దేశంలో ఇంజన్లేమో పదివేలు దాటాయి. తొలి మహిళా డ్రైవరు సురేఖా యాదవ్ 2025లో రిటైరు కూడా అయ్యారు. నీళ్ళు తాగకుండా డ్యూటీ ఎక్కుతున్నామనీ, నెలసరి రోజులు నరకమనీ ఆడపిల్లలు ఇంకా మొర పెట్టుకుంటూనే ఉన్నారు.

సింగిల్ లైనున్న చోట ఎదురుబండి కోసం ఎలాగూ ఆగుతారు కదా, అందులో ఓ పది నిమిషాలు వాళ్ళవని రాసివ్వడానికి ఏం అడ్డం? దాహంతో, కడుపు బిగబట్టుకుని సిగ్నలు చూసే మనిషి ఏ లెక్కన భద్రమో బోర్డు వారే చెప్పాలి.