ఖౌఫ్ సరే, ఇలాజ్ ఎక్కడ?



"నమాజు చదివే మనిషివి, నీకీ దెయ్యాల సినిమాల షౌక్ ఏమిటి భాయ్?" అని అడిగేవాళ్లు మా ఖాందాన్‌లో ఎప్పుడూ ఉన్నారు. వాళ్లతో బహస్ చేసే ఓపిక నాకు అయిపోయింది. ఇవాళ నా పేచీ వేరేవాళ్లతో. ఒకరు, "జిన్నులు, సాయాలు అంతా జహాలత్, అసలు హారర్ అంటే స్లాషరే, అందులో ఉన్నది హఖీకత్" అనే కుర్రాళ్లు. రెండోవాళ్లు, మన జిన్నాత్‌ని, మన తావీజుని, మన బుర్ఖాని తీసుకెళ్లి సినిమాలో పెట్టి, వాటితో ఏం చేస్తున్నారో తమకే ఖబర్ లేని దర్శకులు.

నాకు మాట్లాడే హఖ్ ఉందా అంటే ఉంది. ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ బోర్డు మీద మీర్ షేర్ రాస్తుంటే, వెనక బెంచీలో మేం రామ్సే బ్రదర్స్ 'పురానా మందిర్' కథ గుసగుసలాడుకున్న బ్యాచ్. 'వీరానా' క్యాసెట్ రాత్రి అద్దెకు తెస్తే ఇల్లంతా నిద్రపోయేదాకా కాచుకున్నవాళ్లం. 1993లో జీ హారర్ షో మొదలయ్యాక ఇక చెప్పేదేముంది! డిగ్రీలో తెలుగు తీసుకుని యండమూరి 'తులసిదళం' దాకా వచ్చాను. ముప్ఫై ఏళ్ల పైచిలుకు భయపడ్డ అనుభవం నాది.

ముందు స్లాషర్ సంగతి. ఖాతిల్ ఒకడు, చేతిలో కత్తి, ఒకరి తర్వాత ఒకరుగా కుర్రకారు. 1960లో హిచ్‌కాక్ 'సైకో'తో దీనికి పునాది పడింది. 1974లో 'టెక్సాస్ చైన్ సా మసాకర్', 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్', 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్'. వీటిలో హాలోవీన్‌ని నేను ఇప్పటికీ ఏడాదికోసారి చూస్తాను. స్టార్ ట్రెక్ సీరియల్లోని కెప్టెన్ కిర్క్ మాస్కు కొని, దానికి తెల్లరంగు వేసి, అంత దహ్షత్ పుట్టించారంటే ఫన్ అంటే అదీ. సంగీతం కూడా కార్పెంటర్‌దే. నాలుగు మెట్ల పియానోతో మెడ మీద వెంట్రుకలు నిక్కబొడిపించాడు.

కానీ "హఖీకత్" అన్నారు చూడండి, అక్కడే నవ్వొస్తుంది. హాలోవీన్ చివర డాక్టర్ లూమిస్ తుపాకీ ఖాళీ చేస్తాడు, మైఖేల్ మయర్స్ బాల్కనీ మీంచి కింద పడతాడు. తర్వాత చూస్తే శవం లేదు. టైటిల్స్‌లో వాడి పేరు కూడా మనిషి పేరు కాదు, 'ది షేప్', అంటే ఒక ఆకారం. ఫ్రైడే సిరీస్ ఆరో భాగంలో చచ్చి పాతిపెట్టిన జేసన్ పిడుగు పడి లేస్తాడు. దాని వరస పదో సినిమాకి అంతరిక్షంలోకి కూడా వెళ్లాడు మహానుభావుడు! పిడుగుకి లేచే శవాన్ని నమ్మేవాళ్లు మా నానీ చెప్పిన జిన్నుని చూసి నవ్వుతారా?

అంతకంటే పెద్ద అబద్ధం ఇంకొకటి. స్లాషర్‌లో ఖాతిల్ ఎక్కువగా బయటినుంచి వస్తాడు. ముఖం కనపడదు, ఊరూ పేరూ ఉండదు. నేను ఇరవై ఏళ్లుగా న్యూస్ డెస్కులో క్రైమ్ కాపీలు దిద్దుతున్నాను. ఆడవాళ్ల కత్ల్ వార్త వస్తే, ముసుగు వేసుకున్న అజ్నబీ ఎప్పుడో ఒకసారి. మిగతా అన్నిసార్లూ షౌహర్, మరిది, వెంటపడ్డవాడు, కట్నం అడిగిన అత్తగారిల్లు. ఈ సంగతి తెలిసి తీసిన స్లాషర్ నా లెక్కలో 'బ్లాక్ క్రిస్మస్'. 1974 నాటిది, హాలోవీన్ కంటే నాలుగేళ్లు ముందు. హాస్టల్ లాంటి ఇంట్లో ఉన్న అమ్మాయిలకు బూతు ఫోన్లు వస్తుంటాయి. ఒక అమ్మాయి కనపడకుండా పోయిందని స్టేషన్‌కెళ్తే పోలీసాయన, ఎవడో బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లి ఉంటుందిలే అన్న ధోరణిలో మాట్లాడతాడు. (ఈ జవాబు ఏ ఊరి స్టేషన్‌లో వినలేదు మనం?) చివరికి తేలేదేమిటంటే ఆ ఫోన్లు వస్తున్నది ఆ ఇంట్లోంచే. స్లాషర్ అంటే అది. మిగతావాటిలో చాలావరకు బక్వాస్.

ఇంకో ఇల్జామ్ కూడా ఉంది. ఫ్రైడే సిరీస్‌లో ప్రేమించిన పిల్ల చస్తుంది, తాగిన పిల్ల చస్తుంది, బుద్ధిగా ఉన్న పిల్ల మిగులుతుంది. ఆ మిగిలిన పిల్లకి కరోల్ క్లోవర్ అనే ప్రొఫెసర్ 1987లో 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. సజా ఇవ్వడం తన ఉద్దేశం కాదని కార్పెంటర్ చెప్పుకున్నాడు, ఆయన్ని నమ్ముతాను. ఆయన్ని నకల్ కొట్టినవాళ్లని నమ్మను. మన ఇళ్లలో కొందరు పెద్దలు ఈ లెక్క విని "చూశావా, గునాహ్‌కి నతీజా" అని సంబరపడతారు. అస్తగ్ఫిరుల్లాహ్! కత్తి పట్టినవాడిది గునాహ్ కాదు, పొడిపించుకున్న పిల్లది గునాహా?

అందుకే నా దిల్ గైబీ సినిమాల వైపే ఉంది. జిన్నాత్ ఉన్నారన్నది మన అఖీదాలో భాగం. కాబట్టి ఆ సినిమా మనకి ఉత్త కాలక్షేపం కాదు, మన ఇంటి విషయం. పడుకునేముందు అమ్మీ మా మీద ఆయతుల్ కుర్సీ చదివి ఊదేది. ఆ ఊదిన గాలి గుర్తున్నవాడికి ఈ సినిమాలు ఇంకో చోట తగులుతాయి. కత్తి భయం ఒంటి వరకే. గైబ్ భయం ఈమాన్ దాకా వెళ్తుంది. నేను ఎవరిని నమ్ముతున్నాను, ఎవరికి పనాహ్ అడుగుతున్నాను అని అడుగుతుంది.

సరిగ్గా అందుకే వీటి మీద నా గుస్సా కూడా ఎక్కువ.

'ఎగ్జార్సిస్ట్' (1973) ఎలా మొదలవుతుందో గుర్తుందా? అజాన్‌తో. ఇరాక్ ఎడారి, ఎర్రటి సూర్యుడు, అల్లాహు అక్బర్. ఆ తర్వాత తవ్వకాల్లో పజూజు అనే షైతాన్ బొమ్మ. పజూజు మెసొపొటేమియా వాళ్లది, ఇస్లాం రావడానికి వందల ఏళ్ల ముందుది. దానికీ అజాన్‌కీ ఏ తాల్లుఖూ లేదు. అయినా అజాన్ వినిపిస్తే ఏదో చెడు రాబోతోందని అమెరికా చెవికి నేర్పింది ఆ సీన్. మనం ఆ పిలుపు విని ఎప్పుడైనా భయపడ్డామా? ఫజర్‌కి లేవలేక దుప్పటి ముసుగు పెట్టామేమో గానీ!

మన తెలుగులో దీని రిష్తేదార్ 'మసూద' (2022). సినిమా బాగుంది, దాయను. భర్తకు దూరంగా కూతుర్ని పెంచుకుంటున్న నీలం, ఆ కూతురు నాజియా, పక్కింట్లో పిరికివాడైన గోపి. పిరికివాడు పక్కింటి పిల్ల కోసం ధైర్యం తెచ్చుకోవడం నాకెంతో నచ్చింది. సంగీత నటనకి సలాం. కానీ ఆ ఆత్మకి వేసిన లిబాస్ ఏమిటి? బుర్ఖా. భయపెట్టడానికి వేరే ఏదీ దొరకలేదా? ఆ సినిమా వచ్చిన కొత్తలో మా అన్న కూతురు బుర్ఖాలో కాలేజీకి వెళ్తే, బస్సులో ఇద్దరు పిల్లలు "మసూద వచ్చిందిరోయ్" అన్నారట. నవ్వుతూనే చెప్పింది. మర్నాటి నుంచి ఆ బస్సు మానేసి ముందు బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. దర్శకుడి నియ్యత్ మీద నాకు షక్ లేదు. నియ్యత్ మంచిదైనా ఆ పిల్ల అరగంట ముందు లేవాల్సి వస్తోంది కదా.

"అయితే బుర్ఖాతో, చాదర్‌తో హారర్ తీయకూడదా?" అంటారు. తీయొచ్చు. 'అండర్ ద షాడో' (2016) చూడండి. టెహ్రాన్‌లో పుట్టిన బాబక్ అన్వరీ ఫార్సీలో తీశాడు. ఇరాన్, ఇరాక్ జంగ్ రోజులు. షీదేని మెడిసిన్ చదువు పూర్తి చేయనివ్వరు, ఒకప్పటి రాజకీయాల వల్ల. డాక్టరైన భర్త జంగ్‌కి వెళ్తాడు. పై అంతస్తులో మిసైల్ పడుతుంది, పేలదు. ఇక కూతురు దోర్సా బొమ్మ మాయమవుతుంది, జిన్ను వస్తుంది, ఎగిరే చాదర్ రూపంలో. ఒక రాత్రి ఆ తల్లి పిల్లని ఎత్తుకుని తల మీద గుడ్డ లేకుండా వీధిలోకి పరిగెడితే, జిన్ను సంగతి అడిగేవాడు లేడు, పర్దా లేదని అరెస్టు చేస్తారు! ఆ చాదర్ వెనక ఒక ఆడమనిషి బతుకు ఉంది. లోపల ఉక్కిరిబిక్కిరైన వాళ్ల భయం అది. మసూదలో బుర్ఖా బయటినుంచి చూసేవాడి భయం. ఫర్ఖ్ అక్కడుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎగ్జార్సిస్ట్ మీద అజాన్ గురించి అంత ఫిర్యాదు చేసినా, ఒక విషయంలో దాని ముందు మనవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి. పన్నెండేళ్ల రీగన్‌కి ఏదో అవుతోందని తల్లికి తెలియగానే ఎక్కడికి తీసుకెళ్తుంది? డాక్టర్ దగ్గరికి. మెదడులో లోపమేమో అని పరీక్షలు చేస్తారు. మెడలో సూది గుచ్చి రక్తనాళాల ఎక్స్‌రే తీసే సీన్ ఉంటుంది. తల తిరిగే సీన్ కంటే అది భయంకరం, నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. తర్వాత మానసిక వైద్యులు. చివరికి పాదరీ దగ్గరికి వెళ్తే, ఆ ఫాదర్ కారస్ కూడా సైకియాట్రిస్టే. వెంటనే ఒప్పుకోడు, ఆధారాలు అడుగుతాడు. సినిమాలో చాలా భాగం గడిచాక గానీ పూజ మొదలవదు.

మన సినిమాల్లో? పిల్ల కళ్లు తేలేసిందంటే తర్వాతి సీన్‌లో బాబా. 'అరుంధతి' (2009)లో సాయాజీ షిండే వేసిన అన్వర్‌ని చూసి మనవాళ్లు ఖుష్ అయ్యారు, మన ఫకీర్ హీరోయిన్‌కి మదద్ చేశాడని. నేనూ అయ్యాను. కానీ ఆ పాత్రే ఇప్పుడు మూసగా మారింది. ఆకుపచ్చ గుడ్డ, సుర్మా కళ్లు, నెమలీకల కట్ట, సాంబ్రాణి. తెలుగు హారర్‌లో ముసల్మానుకి ఉన్న నౌకరీ ఇదొక్కటే. డాక్టర్ ముసల్మాను ఉండడా? ఆ పిల్లకి ఈఈజీ రాసే డాక్టర్ సాహెబా ఉండకూడదా?

ఇది సినిమా గొడవే అయితే నేనింత రాయను. జర్మనీలో ఆనెలీసా మిషెల్ అనే అమ్మాయి ఉండేది. మూర్ఛ వ్యాధి అని డాక్టర్లు చెప్పారు, మందులూ ఇచ్చారు. ఇంట్లోవాళ్లు షైతాన్ పట్టిందనుకున్నారు. ఇద్దరు పాదరీలు నెలల తరబడి 67 సార్లు క్రతువు చేశారు. తిండి మానేసింది. 1976లో, 23 ఏళ్ల వయసులో, ఆకలితో, దాహంతో ఒళ్లు ఎండి పోయింది. 1978లో తల్లిదండ్రులకీ పాదరీలకీ కోర్టులో శిక్ష పడింది. దీని మీదే 2005లో హాలీవుడ్ 'ఎగ్జార్సిజమ్ ఆఫ్ ఎమిలీ రోజ్' తీసింది. కోర్టు సీన్లు బాగుంటాయి, కానీ షైతాన్ నిజమేనేమో అన్న వైపే త్రాసు మొగ్గుతుంది. మరుసటి ఏడు జర్మనీ వాళ్లే 'రెక్వియమ్' తీశారు. అందులో షైతానే కనపడడు. ఒక పిల్ల, ఒక అమ్మా, ఒక అబ్బా, ఒక జబ్బు. నేను చూసిన హారర్‌లో నిద్ర పట్టనివ్వనిది అదే.

జర్మనీ ఎందుకు, ఏర్వాడి దూరమా? తమిళనాడు రామనాథపురం జిల్లా. దర్గా నీడలో షిఫా దొరుకుతుందని అన్ని మజహబ్‌ల వాళ్లూ తమవాళ్లని తెచ్చి అక్కడి ప్రైవేటు షెడ్లలో వదిలేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక షెడ్డుకి నిప్పంటుకుంది. 28 మంది పోయారు. పారిపోలేకపోయారు, ఎందుకంటే వాళ్లని గొలుసులతో కట్టేశారు. ఏ స్లాషర్‌వాడి ఊహకీ అందని దహ్షత్ అది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా మనా చేసింది. అయినా మన మొహల్లాల్లో "పిల్లకి ఆసేబ్ ఉంది, బయట చెప్పకండి, నిస్బత్ తప్పిపోతుంది" అనే గుసగుస ఆగిందా? ఆమిల్ ఫీజుకి డబ్బుంటుంది, న్యూరాలజిస్టు దగ్గరికొచ్చేసరికి ఇజ్జత్ అడ్డొస్తుంది.

దువా వద్దని నేనలేదు. ఇంట్లో కూర్చుని ఖుల్ సూరాలు చదివి పిల్ల మీద ఊదడానికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. దవా చేయించుకోమన్నది మన రసూల్ (స) తాలీమే. ఊది, ఆ చేత్తోనే ఆటో పిలవండి.

ఇక దర్శకులకి. జిన్ను కథ తీయండి, బాగా తీయండి. పిల్ల కింద పడి కొట్టుకునే సీన్ తర్వాత ఒక ఆస్పత్రి సీన్ పెట్టండి. రిపోర్టు రానివ్వండి, ఆ రిపోర్టు చూసి తల్లి ఏడవనివ్వండి. ఆ తర్వాత జిన్నాత్‌ని ఎంతమందిని దింపుకున్నా మీ ఇష్టం. ఫస్ట్ డే ఫస్ట్ షోకి మా ఇంటినుంచి ఆరు టికెట్లు. బుర్ఖాలో వచ్చే మా అన్న కూతురిది కూడా కలిపి.