పైకే చూచు చేప



గాజుతొట్టిలో రంగుచేపలు పెంచవలెనని పిల్లలు ముచ్చటపడుట మన ఇండ్లలో ఉన్నదే. వాటిలో బంగారుచేప అందరికిని తెలిసినది. దాని రకములలో మిక్కిలి వింతైన ఒకదానిని గూర్చి ఈ నెల తెలిసికొందము. ఇంగ్లీషులో దానిని సెలెస్టియల్ ఐ అందురు. దాని చైనా పేరునకు ఆకాశమువైపు చూచునది అని అర్థము.

బంగారుచేప మన బొచ్చె, శీలావతి చేపలకు బంధువే. వెయ్యేండ్ల క్రిందట చైనాలో, మామూలు బూడిదరంగు చేపల మధ్య అరుదుగా పుట్టిన ఎఱ్ఱని పిల్లలను ఏరి పెంచిరి. తరువాతి వింత రకములన్నియు ఆ ఏరికవలననే వచ్చినవి.

ఈ చేపకు వీపుమీద రెక్క ఉండదు. తోక రెండుగా చీలియుండును. గ్రుడ్డునుండి వచ్చినప్పుడు కన్నులు మామూలుగానే ఉండును. పెరుగుచుండగా అవి ప్రక్కలకు ఉబ్బి, క్రమముగా పైకి తిరిగి, అట్లే నిలిచిపోవును. చీకటి కుండలలో పెంచగా వెలుగుకొరకు చూచి చూచి ఇట్లయినదని ఒక కథ కలదు. అది నిజము కాదు. ఇది పుట్టుకతో సంక్రమించు లక్షణము. ఎట్లో పుట్టిన ఒక లోపమును అందమని ఎంచి, మనుష్యులే తరతరములుగా దానిని నిలిపిరి.

ఆ అందమునకు వెల చెల్లించునది చేపయే. ముందున్న మేత దానికి సరిగా కనబడదు. వాసనను బట్టి వెదకికొనవలెను. వీపురెక్క లేనందున ఈత నెమ్మది. చురుకైన చేపలతో కలిపి ఉంచినయెడల అవి మేత అంతయు తినివేయును, ఇది పస్తుండును. వాడిరాయి తగిలిన కన్ను పోవును.

కాబట్టి దీనిని తెచ్చుకొనువారు దీనివంటి నెమ్మది చేపలతోనే ఉంచవలెను. తొట్టిలో మొనగల రాళ్లు వేయరాదు. మేత ప్రతిదినము ఒకే చోట, కొంచెము కొంచెముగా వేయవలెను. బంగారుచేపలు నీటిని త్వరగా మురికి చేయును గనుక చిన్న గాజుగిన్నె చాలదు. రెండు చేపలకు నూరు లీటర్ల తొట్టియైనను, నీటిని శుద్ధిచేయు ఫిల్టరును ఉండవలెను. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. బ్లీచింగు కలిపిన కుళాయి నీటిని ఒక దినము నిలువ ఉంచి పోయుట మేలు. శ్రద్ధగా పెంచిన బంగారుచేప పదేండ్లు పైగా బ్రదుకగలదు.

ఇంత ఓపిక మనకు లేనియెడల పిల్లలతో ఆ మాట చెప్పి, కొనకుండుటయే మంచిది. కొన్నామా, దానికి కనబడని మేతను దాని నోటియొద్దకు చేర్చవలసినది మనమే.